20 వేలల్లో అద్దె ఇంటి హాలు సర్దుకోవాలి: పాత ఫర్నిచర్, పాత చీరలతో ఎవరైనా చేశారా?

మియాపూర్ కొత్తకాపు:
అందరికీ నమస్కారం. మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం, ఇంట్లో ఇప్పటికి ఒక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్రిజ్, గ్యాస్ స్టవ్, అంతే. సంక్రాంతికి మా అమ్మావాళ్ళు, అత్తయ్యగారు వాళ్ళు అందరూ వస్తామన్నారు కాబట్టి ఈలోపు హాల్లో నలుగురు కూర్చునేలా, రాత్రికి ఒకరిద్దరు పడుకునేలా చెయ్యాలి. మొత్తం కలిపి 20 వేలు పెట్టగలం, ఈఎంఐ మీద సోఫా తీసుకోవడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. అమ్మ దగ్గర కట్టకుండా పక్కన పెట్టిన కాటన్ చీరలు చాలా ఉన్నాయి, మంగళగిరివి, వెంకటగిరివి, అవి కర్టెన్లకి పనికొస్తాయా? సెకండ్ హ్యాండ్ సామాను ఎక్కడ చూడాలి, ఏం చూసి కొనాలి? కుట్టు మిషన్ ఉంది, సూటిగా కుట్టు వెయ్యడం వరకూ వచ్చు. ఓనర్ మాత్రం గోడలకి మేకులు కొట్టొద్దని ముందే చెప్పేశారు.

ఉయ్యాలబల్ల:
కొత్తకాపు గారూ, ముందు సోఫా అన్న ఆలోచన వదిలేసి దివాన్ అనుకోండి. 6 అడుగుల బై 3 అడుగుల సింగిల్ చెక్క మంచం ఒకటి పాతది దొరికితే పగలు సోఫా, రాత్రి మంచం, మీ రెండు అవసరాలూ దాంతోనే తీరతాయి. పైగా పాత సోఫా కొంటే లోపల స్పాంజిలో ఏముందో, ఎన్నేళ్ళ దుమ్ముందో, నల్లులున్నాయో మీకు కనపడదు. మంచం అయితే అన్నీ బయటికే ఉంటాయి.

చూడాల్సిందల్లా కర్ర. మీద రంగు పోయినా, గీతలు పడినా, బట్ట చిరిగినా ఇవన్నీ చేత్తో బాగుచేసుకోవచ్చు, లోపల సరుకు చెడ్డదైతే మాత్రం ఎంత చేసినా నిలబడదు. కొనేముందు కిందికి వంగి అడుగుభాగం చూడండి, పాలిష్ వెయ్యని చోట కర్ర అసలు రంగు, గీతలు తెలుస్తాయి. డ్రాయర్ ఉంటే పూర్తిగా బయటికి లాగి వెనకపక్క అంచు చూడండి. అంచులో రంపపు పొట్టు అతికించినట్టు కనపడితే అది పార్టికల్ బోర్డు, దాన్ని ఒకసారి విప్పితే మళ్ళీ స్క్రూలు పట్టవు, కాళ్ళ దగ్గర తడి తగిలితే ఉబ్బిపోతుంది, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. టేకైతే తీసుకోండి. ప్లైవుడ్ అయినా పర్లేదు, పొరలు విడిపోకుండా ఉంటే చాలు. తర్వాత ఒక మూల పట్టుకుని కొంచెం పైకెత్తి ఊపి చూడండి, కీళ్ళు కిర్రుమంటే ఫెవికాల్‌తో బిగించుకోవచ్చు, కర్రే చీలి ఉంటే వదిలెయ్యండి.

ఓరుగల్లు పిల్ల:
నేను ఎర్రగడ్డ సండే మార్కెట్‌ల చానా కొన్న. ఆదివారం పొద్దుగాల పోవాలె, ఎండ ఎక్కినంక పోతే మంచియి అయిపోతయి. జుమ్మేరాత్ బజార్ గూడ ఉంది పురానాపూల్ కాడ, గది గురువారం. గాని రెండిట్ల గూడ పెద్ద మంచాలకన్నా చిన్న సామాన్లు ఎక్కువ దొరుకుతయి, స్టూళ్ళు, ఇత్తడి గిన్నెలు, అద్దం ఫ్రేములు గిసుంటియి. మంచం కావాలంటే అపార్ట్‌మెంట్ గ్రూపులల్ల చూడుర్రి. ట్రాన్స్‌ఫర్ అయినోళ్ళు, ఫారిన్ పోయేటోళ్ళు ఇల్లు ఖాళీ చేసే తేదీ దగ్గరికొస్తే అడిగినంతకు ఇచ్చేస్తరు, నెలాఖరుల చూస్తే ఇంకా మంచిగ దొరుకుతయి. ఒక్కటే ముచ్చట, ట్రాలీ ఆటో కిరాయి, ఎత్తి దింపే కూలీ ముందే అడిగి కలుపుకోవాలె. లిఫ్ట్‌ల పట్టని మంచం మూడో అంతస్తుకు ఎక్కియ్యాలంటే కొన్న ధర కన్నా కూలే ఎక్కువైతది.

ఇగ తివాచీ కొనాలనుకుంటే మా వరంగల్ జంపఖానాలు చూడుర్రి. కొత్తవాడల మగ్గాల మీద నేస్తరు, 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అని సర్కారు ఇచ్చే గుర్తింపు) గూడ వచ్చింది. కాటన్ కాబట్టి ఇంట్లనే ఉతుక్కోవచ్చు, దివాన్ మీద పరిస్తే బెడ్‌షీట్ లెక్క జారది, కూసున్నోళ్ళు లేస్తే ముడతలు పడయి. నాకైతే హాల్ల అన్నిటికంటే పైసలు పెట్టాల్సింది గిదే అనిపిస్తది.

మియాపూర్ కొత్తకాపు:
థాంక్యూ ఉయ్యాలబల్ల గారూ, ఓరుగల్లు అక్కా. దివాన్ ఐడియా మా ఆయనకి కూడా చాలా నచ్చింది. చీరల సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్. మా హాల్లో బాల్కనీ డోర్ ఎత్తు 7 అడుగులు, కిటికీ 4 అడుగుల వెడల్పు 5 అడుగుల ఎత్తు. పడమటి ఎండ నేరుగా పడుతుంది.

కుట్టుమిషన్ అక్క:
చీరలు నా సబ్జెక్టు అమ్మా, చెప్తాను విను. చీర అయిదున్నర మీటర్లు అనుకో, అంటే సుమారు 216 అంగుళాలు. నీ డోర్ 84 అంగుళాలు, పైన రాడ్డు దూరడానికి, కింద మడతకి కలిపి ఇంకో 10 వేసుకుంటే ఒక్కో పరదాకి 94. ఒక చీరలో రెండు పరదాలు వచ్చేసి ఇంకా 28 అంగుళాల ముక్క మిగులుతుంది, దాన్ని పారెయ్యకు, పమిట వైపు ముక్క మిగిలేలా కోస్తే అందులో రెండు కుషన్ కవర్ల ముందుభాగాలు దర్జాగా వస్తాయి. కిటికీకైతే 60 ప్లస్ 12, అంటే 72, ఒక చీరకి సరిగ్గా మూడు పరదాలు. చీర వెడల్పు 45 అంగుళాలు పైనే ఉంటుంది కాబట్టి 4 అడుగుల కిటికీకి రెండు వేస్తే కుచ్చులు నిండుగా పడతాయి.

మంగళగిరి చీరలో ఇంకో సుఖం ఉంది, అంచు రెండు పక్కలా పొడుగునా ఉంటుంది కదా, పరదా వేలాడదీస్తే ఆ జరీ అంచులే రెండు పక్కలా నిలువుగా దిగుతాయి, పక్కలు మడిచి కుట్టే పనే లేదు. నువ్వు కుట్టాల్సింది పైనా కిందా రెండే రెండు సూటి కుట్లు. కొయ్యడానికి ముందు ఒక పోగు పట్టుకుని మెల్లిగా లాగు, అది వచ్చిన దారిలో చీర మీద సన్నటి గీత పడుతుంది, ఆ గీత వెంబడే కత్తెర పెట్టు. స్కేలు పెట్టి గీసిన గీత కన్నా అదే కరెక్టు, పరదా కింద అంచు వంకర రాదు. మిషన్‌కి 14 నంబర్ సూది చాలు.

పడమటి ఎండ అన్నావు కాబట్టి వెనక లైనింగ్ వెయ్యి, పాత పంచెలు ఉంటే అవే, లేదంటే తెల్ల లాంగ్ క్లాత్. లైనింగ్ కూడా ముందు ఒకసారి తడిపి ఆరేసి అప్పుడు కొలువు, లేకపోతే మొదటి ఉతుకులో అది కుదించుకుపోయి పైన చీర బుడగల్లా లేస్తుంది. పట్టు చీరలు మాత్రం కిటికీకి కట్టొద్దు, ఎండకి పట్టు పోగు చివికి చిరుగులు పడుతుంది. అంత ఇష్టమైతే నీడ పడే గోడ వైపు ఫ్రేము కట్టించి పెట్టుకో.

పెడన అద్దకం:
కుషన్లకి కలంకారీ వెయ్యండి. మా పెడనలో అద్దకం షెడ్ల దగ్గర షాపుల్లో కట్ పీసులు తక్కువకి ఇస్తారండి, మీటరు, ముప్పావు మీటరు ముక్కలు. కుషన్‌కి అంతకన్నా ఏం కావాలి చెప్పండి. విజయవాడ వెళ్ళే పని ఉంటే అక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతలో కూడా చూడొచ్చు. చెక్క అచ్చులతో అద్దిన బట్టైతే అచ్చు పక్కన అచ్చు పడ్డ చోట సన్నటి తేడా కనపడుతుంది, ఒకచోట గీత కొంచెం ఎక్కిందనో ఒకచోట ఖాళీ ఉందనో. అది లోపం కాదండి, చేత్తో అద్దినట్టు గుర్తు. స్క్రీన్ ప్రింటు అయితే అంతా ఒకేలా ఉంటుంది, అది చవక, అదీ వాడుకోవచ్చు కానీ కలంకారీ రేటు పెట్టి మాత్రం కొనకండి.

మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో గుప్పెడు కల్లుప్పు వేసి నానబెట్టి, నీడన ఆరెయ్యండి. కరక్కాయ, పటిక, చెట్ల వేళ్ళ రంగులతో చేసిన బట్ట రోజూ ఎండ తగిలితే వెలుస్తుంది కాబట్టి ఇది మీ పడమటి కిటికీకి కాదు, దివాన్ మీద దిళ్ళకి.

డాలస్ బాబాయ్:
ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా ఈ థ్రెడ్ బాగా పనికొస్తుంది కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా. పాత సామాను అమ్మే గుడ్‌విల్, హ్యాబిటాట్ వాళ్ళ రీస్టోర్ షాపుల్లో మంచి ఓక్, మేపుల్ టేబుళ్ళు కొత్త పార్టికల్ బోర్డు టేబుల్ కన్నా తక్కువకి వస్తాయి. నెలాఖరులో అపార్ట్‌మెంట్ల బయట జనం వదిలేసే సామానులో చెక్క సామాను తెచ్చుకోండి కానీ బట్ట ఉన్న సోఫాలు, పరుపులు మాత్రం ముట్టుకోవద్దు, బెడ్ బగ్స్ ఒకసారి ఇంట్లోకి వస్తే పురుగుల మందు కొట్టేవాళ్ళకి పెట్టే డబ్బుతో కొత్త సోఫా వస్తుంది. కుట్టుమిషన్ అక్కయ్య గారి లెక్క ఇక్కడ కూడా సరిగ్గా సరిపోతుంది, ఇక్కడ కర్టెన్లు 84, 96 అంగుళాల సైజులు, చీరని సగానికి కోస్తే 108 వస్తుంది కాబట్టి మడతలకి కూడా మిగులుతుంది. మా ఇంట్లో అమ్మ పంపించిన వెంకటగిరి చీరలే హాలు కర్టెన్లు, వచ్చినవాళ్ళందరూ వాటి గురించే అడుగుతారు.

చిన్నపిల్లలున్నవాళ్ళకి రెండు విషయాలు. పక్క కిందికి జారే రకం పాత తొట్టె మంచాలు ఊరికే ఇచ్చినా తీసుకోకండి, అమెరికాలో వాటి అమ్మకం 2011లోనే నిషేధించారు, పిల్లలు సందులో ఇరుక్కుని చనిపోయిన కేసులున్నాయి. ఇక్కడ 1978 కన్నా ముందు పెయింట్ వేసిన సామానులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, గీకొద్దు.

ఉయ్యాలబల్ల:
బాబాయ్ గారు చాలా ముఖ్యమైన పాయింటు ఎత్తారు, ఇది మన దగ్గర ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి. ఇండియాలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న రూల్ 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు ఎనామెల్ వేసిన బీరువా, కుర్చీ, ఉయ్యాల ఏదైనా సరే, సీసం ఉందనే అనుకుని పని చెయ్యండి. పొడిగా గీకితే దుమ్ము ఇల్లంతా లేస్తుంది, పిల్లలు నేల మీద పాకి చేతులు నోట్లో పెట్టుకుంటారు. వాటర్ పేపర్ తెచ్చి నీళ్ళతో తడుపుతూ రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లలని, కడుపుతో ఉన్నవాళ్ళని దగ్గరికి రానివ్వకండి, కింద పరిచిన పేపరు మడిచి పారెయ్యండి. పాత పెయింట్ ఊడకుండా గట్టిగా ఉంటే అసలు గీకొద్దు, పైన ప్రైమర్ కొట్టి కొత్త రంగు వేసెయ్యడమే మంచిది.

రంగులరాట్నం:
మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు టేకు సెంటర్ టేబుల్ 1500కి ఇచ్చేశారు, దాన్ని తెల్ల చాక్ పెయింట్ వేసి కాళ్ళకి నీలం వేద్దామనుకుంటున్నా, రీల్స్‌లో అందరూ అదే చేస్తున్నారు, హాలు వెలుతురుగా ఉంటుంది కదా. ఏమంటారు?

ఉయ్యాలబల్ల:
టేకుకి తెల్లరంగు వెయ్యకండి అండి, దయచేసి. ఆ గీతలు కనపడాలనే కదా ఒకప్పుడు అంత డబ్బు పెట్టి టేకు కొన్నది. రంగు వెయ్యాలంటే మామిడి చెక్కో, లప్పం పెట్టిన ప్లైవుడ్డో, ఇనుప ట్రంకు పెట్టో ఉంది కదా, వాటికి వెయ్యండి.

రంగులరాట్నం:
మీరు చెప్పింది అర్థమైంది కానీ ఉయ్యాలబల్ల గారూ, మా హాల్లో ఇప్పటికే నేల ముదురు రంగు, తలుపులు ముదురు రంగు, మళ్ళీ టేబుల్ కూడా ముదురైతే చీకటిగా ఉంటుంది. సామాను మన కోసం కానీ సామాను కోసం మనం కాదు కదా.

గోదారి గట్టు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇద్దరూ చెప్పేది నిజమే. టేకు టేబుల్ పాత పాలిష్ ఒకసారి తీసి చూడండి రాట్నం గారూ, ఆ నలుపంతా ఏళ్ళ తరబడి కొట్టిన పాలిష్ ముదరడం వల్ల వచ్చిందే, లోపల కర్ర లేత తేనె రంగులో ఉంటుంది. 80 నంబర్ ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, 220 దాకా, ఎప్పుడూ కర్ర గీతల దారినే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి. తర్వాత రంగు కలపని క్లియర్ పాలిష్ వేస్తే మీకు కావాల్సిన వెలుతురు వస్తుంది, ఉయ్యాలబల్ల గారి టేకూ మిగులుతుంది.

లక్క స్పిరిట్‌లో కరిగించి వేసే ఫ్రెంచ్ పాలిష్ కుర్చీలకి, మంచాలకి భలే ఉంటుంది, కానీ సెంటర్ టేబుల్‌కి వద్దు, వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. టేబుల్ పైభాగానికి పీయూ (పాలీయూరిథేన్) కోటింగ్ వెయ్యండి. ఏ పాలిషైనా ముసురు పట్టిన రోజు వెయ్యకండి, గాల్లో తేమకి తెల్లగా మసకేస్తుంది.

రంగులరాట్నం:
ఇది బాగుంది, ఒక మూల రుద్ది చూశాను, నిజంగానే లేత రంగు! తెల్లరంగు డబ్బా ట్రంకు పెట్టెకి వాడేస్తా అయితే.

గోదారి గట్టు:
ట్రంకు పెట్టెకైతే పాత పెయింట్ ఉండొచ్చు కాబట్టి ఉయ్యాలబల్ల గారు చెప్పినట్టు తడుపుతూ వాటర్ పేపర్‌తో తుప్పు బాగా రుద్ది, పూర్తిగా ఆరాక రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (తుప్పు ఆపే ఎర్ర అడుగుపూత) కొట్టి, ఆరాక ఎనామెల్. పైన మందం స్పాంజి వేసి జంపఖానా కప్పితే కూర్చోడానికి బల్ల, లోపల దుప్పట్లు పెట్టుకోడానికి పెట్టె.

మియాపూర్ కొత్తకాపు:
ఈ ఆదివారం దాకా జరిగింది చెప్తాను. ఊరు మారుతున్న ఒక ఫ్యామిలీ దగ్గర దివాన్ మంచం 3500కి తీసుకున్నాం, టేకే, అడుగున చూసే తీసుకున్నాం. ఇంకొకళ్ళ దగ్గర చేతుల కుర్చీలు రెండు 2400, సీటు కింద పట్టీలు సాగిపోయి కుంగుతున్నాయి. ఎర్రగడ్డలో బట్ట లేని వాలుకుర్చీ ఫ్రేము 800. మంచం కాలు దగ్గర మాత్రం సన్నటి రంధ్రాలున్నాయి, కింద కొంచెం పొడి రాలుతోంది, భయపడాలా?

ఉయ్యాలబల్ల:
పొడి లేత రంగులో, కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. ఇంట్లోకి తేకుండా ముందు బాల్కనీలోనే పెట్టండి. పెయింట్ షాపులో కర్రకి వేసే చెద, పురుగుల మందు అడగండి, డబ్బా మీద రాసినట్టే వాడండి, చేతులకి గ్లౌజులు తప్పనిసరి. ఇంజెక్షన్ సిరంజితో ఒక్కో రంధ్రంలోకి మందు ఎక్కించి, ఆ కాలుకి ప్లాస్టిక్ కవరు చుట్టి గట్టిగా కట్టి కొన్నాళ్ళు అలా వదిలెయ్యండి. తర్వాత రంధ్రాలు మైనంతోనో లప్పంతోనో పూడ్చి కింద నల్ల కాగితం పరచండి. కొత్తగా పొడి రాలితే తెలిసిపోతుంది, మళ్ళీ ఎక్కించాలి. రాలకపోతే పాలిష్‌కి వెళ్ళండి. కీళ్ళ సందుల్లో టార్చి వేసి నల్లటి చుక్కలున్నాయేమో కూడా చూడండి, ఉంటే నల్లులు, సందుల్లో మరిగే నీళ్ళు పొయ్యాలి.

కుర్చీల కుంగుడికి నవారు వాడండి. మందపాటి కాటన్ నవారు తెచ్చి, పాత పట్టీలు పీకేసి, ఒక చివర ఫ్రేము వెనక పట్టెకి పెట్టి చిన్న మేకులు మూడు కొట్టండి, ఆ కొసని వెనక్కి మడిచి మడత మీద ఇంకో రెండు కొట్టండి, లేకపోతే బరువుకి పోగు మేకు దగ్గర చీలిపోతుంది. ఇప్పుడు రెండో కొస ముందు పట్టెకి లాగేటప్పుడు చేత్తో లాగితే చాలదు, ఒక చిన్న చెక్కముక్కకి చుట్టి దాన్ని పట్టె అంచుకి ఆనించి కిందికి వంచండి, నవారు తీగలా బిగుస్తుంది, ఆ బిగువులోనే మేకు కొట్టాలి. అడ్డపట్టీలు ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి మంచం అల్లినట్టే. అరచేత్తో కొడితే డప్పు మోగినట్టు మోగాలి. దాని మీద 40 డెన్సిటీ ఫోమ్ రెండంగుళాలది కోయించి పెట్టుకోండి, 32 అయితే చవకే కానీ రోజూ కూర్చునే సీటు త్వరగా అణిగిపోతుంది.

కుట్టుమిషన్ అక్క:
సీటు మీదకి చీర బట్ట వద్దమ్మా, నిలబడదు. పాత జీన్సు కలిపి కుట్టినా సరే, జంపఖానా ముక్కైనా సరే, సూది మాత్రం 16కి మార్చు. వాలుకుర్చీకి మందం కాన్వాస్ తెచ్చి రెండు పొరలు వేసి, రెండు చివర్లా కర్ర దూరేంత గొట్టంలా మడిచి మూడేసి వరసలు కుట్టు, అంతే, ఆ కర్రలు పైన ఒక గాడిలో కింద ఒక గాడిలో ఇరుక్కుంటాయి. పొడవు కొలిచేటప్పుడు పాత దారం ఒకటి వదులుగా వేలాడదీసి కొలువు, సూటిగా కొలిస్తే కుర్చీ బిగుతుగా వచ్చి నడుము వాలదు.

కుషన్ కవర్లకి జిప్పు తంటా పెట్టుకోకు. 16 అంగుళాల దిండుకి ముందుభాగం 17 బై 17, వెనకభాగం 17 బై 11 ముక్కలు రెండు, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెట్టి చుట్టూ ఒక కుట్టు. దివాన్ పక్కలకి గుండ్రటి దిళ్ళు కావాలంటే ఊళ్ళో బూరుగు దూది దొరుకుతుంది, అమ్మావాళ్ళని వచ్చేటప్పుడు తెమ్మను.

సీమ చిన్నోడు:
అక్కా, నాదొక డౌట్. మేకులు కొట్టొద్దంటే పరదాలు ఎట్లా కడతారు? మాది కూడా కర్నూల్లో అద్దె ఇల్లే.

ఓరుగల్లు పిల్ల:
కిటికీకి స్ప్రింగ్ రాడ్ వస్తది తమ్మీ, ఫ్రేము లోపల తిప్పి బిగిస్తే అదే పట్టుకుంటది. కాటన్ చీర బరువు మోస్తది, లైనింగ్ గూడ ఏస్తే మందం రాడ్ తీసుకో. డోర్ కాడ మునుపున్నోళ్ళు కొట్టిన కొక్కేలు ఉంటయి, ముందు అవి చూసుకో. ఇంకొకటి, ఎత్తు బీరువా, పుస్తకాల ర్యాక్ ఉండి ఇంట్ల చిన్నపిల్లలు ఉంటే మాత్రం ఓనర్‌ని బతిమాలైనా సరే, ఒక ఎల్ క్లాంపు (ఎల్ ఆకారం ఇనుప పట్టీ) తోని దాన్ని గోడకు బిగిపిచ్చుకోండ్రి. పిల్లలు డ్రాయర్లు గుంజి మెట్ల లెక్క ఎక్కుతరు, మీద పడితే ప్రాణం మీదికొస్తది. పోయేటప్పుడు ఆ రంధ్రం లప్పంతోని పూడుస్తమని చెప్పుండ్రి.

మియాపూర్ కొత్తకాపు:
అందరికీ చాలా చాలా థాంక్స్. మంచానికి మందు ఎక్కించాక పొడి రాలడం ఆగింది, పాలిష్ మా ఆయన వేశారు, కుర్చీలకి నవారు ఇద్దరం కలిసి బిగించాం, నిజంగానే డప్పులా మోగుతోంది. సామానుకి 6700, ట్రాలీ ఆటో 900, మందు, ఉప్పు కాగితం, పాలిష్ కలిపి 1600, నవారు, ఫోమ్ 1400, వరంగల్ జంపఖానా 1800, రాడ్లు, కాన్వాస్, దారం కలిపి 1100, మొత్తం 13,500 అయింది. డోర్‌కి అమ్మ ఆకుపచ్చ మంగళగిరి చీర, కిటికీకి గంధం రంగు వెంకటగిరి. సాయంత్రం ఎండ ఆకుపచ్చ చీర లోంచి వస్తుంటే హాలంతా అదే రంగు పడుతోంది, మా ఆయన ఫోన్ పక్కన పెట్టేసి అక్కడే కూర్చుంటున్నారు. మిగిలిన డబ్బుతో ఒక స్టాండ్ లైటు, పెడన ముక్కలు తెప్పించుకుంటాం. ఇంకొక్క ప్రశ్న, దివాన్ కింద డ్రాయర్ ఒకటి పట్టేసి లాగితే సగంలో ఆగిపోతోంది, కార్పెంటర్‌ని పిలవాలా?

ఉయ్యాలబల్ల:
అక్కర్లేదండి. డ్రాయర్ బయటికి తీసి, కింద రుద్దుకునే రెండు పట్టీలకి, లోపల అది జారే చోట తెల్ల కొవ్వొత్తి గట్టిగా రుద్దండి, నూనె మాత్రం పొయ్యొద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. అప్పటికీ ఆగితే ఎక్కడ కర్ర నున్నగా మెరుస్తోందో చూడండి, అక్కడే ఒరుసుకుంటోందని అర్థం, ఆ ఒక్కచోట 120 ఉప్పు కాగితం నాలుగుసార్లు లాగి మళ్ళీ కొవ్వొత్తి రుద్దండి.